కుళ్ళనని మొండికేసిన మిలిటరీ వామి

ముందుగానే ఒప్పేసుకుంటున్నాను, తరవాత నన్నెవరూ నిలదీయకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేనొక చేప సంగతి చెబితే చేప నిజమే అయి ఉంటుంది, తోక మాత్రం నా సొంతం. బందరులో నన్నెరిగిన వాళ్ళంతా నా మాట వినేటప్పుడు మామిడికాయ చెక్కు తీసినట్టు పైపైన కొంత గీసి పారేసి, మిగిలింది తీసుకుంటారు. మా ఆవిడైతే నేను కథ మొదలెట్టగానే పక్కన కూర్చుని, తోక మొదలైన చోటల్లా చిన్నగా దగ్గుతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా పక్కనే ఉంది. ఆవిడకి జలుబేమీ లేదు.

ఆ రోజుల్లో అంటే మరీ రాజులూ రథాల కాలమేం కాదు. సెల్‌ఫోన్లు వచ్చేశాయి, కాకపోతే ఇప్పటిలా మనం వాటి చేతిలో ఉండేవాళ్ళం కాదు, అవే మన చేతిలో ఉండేవి. ఉద్యోగమంటే ఎంత చిన్నదైనా సరే ఒక కుర్చీ, ఒక బల్ల, బల్లకి ఒక సొరుగూ ఉండాలి. అవి ఉంటే పెళ్ళి సంబంధాలు వాటంతటవే నడుచుకుంటూ వచ్చేవి. నాకు ఆ మూడూ ఉండేవి. కుర్చీకి ఒక కాలు పొట్టి, సొరుగు తెరుచుకోదు, అది వేరే సంగతి. బందరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, ఉప్పుగాలి మొహానికి కొట్టే చోట ఒక మిలిటరీ క్యాంపు ఉండేది. దాని పేరు చెప్పను. చెబితే దేశ రహస్యం బయటపెట్టానని పట్టుకెళ్తారని కాదు, మీరు వెళ్ళి చూస్తే అది నేను చెప్పినంత పెద్దది కాదని తెలిసిపోతుంది. ఆ క్యాంపు మెస్సులో సరుకులు చూసుకునే కాంట్రాక్టు గుమాస్తాను నేను. మా ఇంట్లో తరాల తరబడి అందరూ బడిపంతుళ్ళూ గుమాస్తాలే. మట్టితో మాకున్న చుట్టరికమల్లా చెప్పులకి అంటినంత వరకే.

ఆ మెస్సులో జవాన్లు ఒక పూట తినే చపాతీలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే బందరు లైట్‌హౌస్ చిన్నబోయేది. (దగ్గు.) సరే, లైట్‌హౌస్ పక్కనున్న కొబ్బరిచెట్టు. తినేవి అన్నుంటే మిగిలేవి, తరిగి పారేసేవి ఎన్నుంటాయో చూసుకోండి. క్యాబేజీ ఆకులు, సొరకాయ తొక్కలు, అరటి తొక్కలు, పాచిపోయిన అన్నం అన్నీ కలిపి రోజూ ఒక ట్రాక్టరు ఊరి చివర డంపింగు యార్డుకి మోసుకుపోయేది. మా డెల్టా అరచెయ్యిలా చదునుగా ఉంటుందని మీకు తెలుసు. పిల్లలు ‘కొండంటే ఎలా ఉంటుంది నాన్నా’ అని అడిగితే ఆ యార్డు చూపించే వాళ్ళం. మాకున్న ఏకైక కొండ అదే. ఆ కొండకి ఆనుకుని ఉన్న పేటలో వాళ్ళకి ఒకరోజు ఓపిక నశించింది. చేపలమ్మే ఒక పెద్దావిడ, గంప నెత్తినుంచి దించకుండానే మా ట్రాక్టరుకి అడ్డంగా నిలబడింది.

“మీరు తిన్నది మీకు బాగుంటే తరిగింది కూడా మీ దగ్గరే పెట్టుకోండయ్యా! మీ దగ్గర తుపాకులుంటే మాకేం భయమనుకున్నారా? నా గంపలో కత్తిపీటుంది, తెలుసా?”

ట్రాక్టరు వెనక్కి తిరిగింది. ఆ క్యాంపు చరిత్రలో వెనకడుగు వేసిన వాహనం అదొక్కటే.

క్యాంపుకి పెద్ద అయిన సీవో సారు ఉత్తరాది మనిషి, మాట తక్కువ, మీసం ఎక్కువ. ఆ పేట వాళ్ళు అన్నది న్యాయమేనన్నాడు. ఇక మీదట మెస్సు చెత్త ఒక్క గంపెడు కూడా గేటు దాటకూడదు, ఇక్కడే కుప్ప వేసి ఎరువు చేస్తామని వైజాగులో ఉన్న పెద్దసారుకి మాటిచ్చేశాడు. ఇచ్చేశాక నన్ను పిలిచాడు. “నువ్వు ఈ ప్రాంతం వాడివి. వరిగడ్డీ చెత్తా కలిపి కుప్ప వేయించు. వేసవి అయ్యేలోపు పెద్దసారు చూడ్డానికి వస్తారు. ఎరువైతే నీ కాంట్రాక్టు పొడిగిస్తాను. కాకపోతే నువ్వే కాదు, నీ కుర్చీ కూడా ఇక్కడ ఉండదు” అన్నాడు. కుర్చీకి ఉన్న మూడున్నర కాళ్ళు నాకు వచ్చినట్టయింది.

సరిగ్గా అప్పుడే మొవ్వలో నాకు సంబంధం కుదిరింది. కుదిరింది అనకూడదు, కుదరబోయింది. పిల్ల నన్ను చూసి నవ్వింది. (ఎందుకు నవ్వావని ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, దగ్గుతుంది గాని చెప్పదు.) కాబోయే అత్తగారు వాళ్ళమ్మానాన్నలకి ఒక్కగానొక్క పిల్లగా పెరిగిన మనిషి, ఒకరు తనకి ఎదురు చెప్పగలరన్న ఆలోచనే ఆవిడకి లేదు. నేను వద్దంటున్నా వినకుండా ప్లేటులో జంతికలు పోస్తూనే ఉంది. మామగారు మాత్రం జంతిక విరిచినంత సూటిగా చెప్పాడు: “అబ్బాయి బాగానే ఉన్నాడు. ఆ కాంట్రాక్టేదో పొడిగించారని కబురు రానీండి, మర్నాడే ముహూర్తం పెట్టిస్తా. అది తేలకుండా పిల్లనెలా ఇస్తామండీ?” అందులో తప్పేముంది? నేనైనా అదే అంటాను.

మామగారి గురించి చెప్పాలి. మొవ్వ నుంచి గూడూరు దాకా గడ్డివామి వెయ్యడంలో ఆయన్ని మించిన చెయ్యి లేదు. కోతలయ్యాక ఆయన కోసం రైతులు పెళ్ళికి పురోహితుణ్ణి అడిగినట్టు ముందే మాట తీసుకునే వాళ్ళు. నడుం దగ్గర తొక్కి గట్టిపరచి, అంచులు కిందికి వాలేట్టు దువ్వి, పైన ఏనుగు వీపులా గుండ్రంగా తేల్చేవాడు. ఎంత వాన పడినా నీళ్ళు పైనుంచే జారిపోవాలి, లోపల ఒక్క పోచ తడవకూడదు. అదీ వామి అంటే. ఏళ్ళ తరవాత దూసినా గడ్డి నిన్న కోసినట్టు పచ్చగా మెరిసేదట. తుఫాను వస్తే జనం డాబా ఇళ్ళు వదిలేసి ఆయన వామి పక్కకొచ్చి నిలబడేవారట. (గట్టి దగ్గు.)

కాబోయే అల్లుడు కూర్చునే కుర్చీ ఎలాంటిదో చూద్దామని ఆయన ఒకరోజు క్యాంపుకి వచ్చాడు. ఆ సమయానికే నలుగురు జవాన్లు మెస్సు వెనకాల గడ్డి పరిచి, దాని మీద చెత్త పోసి, మళ్ళీ గడ్డి పరిచి తిప్పలు పడుతున్నారు. వాళ్ళ మీద పెత్తనం మెస్సు హవల్దారుది. ఆయనది ఎక్కడో పంజాబు, తెలుగంతా బందరు కూరగాయల బజారులో నేర్చుకున్నాడు. అక్కడ అందరూ ‘అండీ’ అంటారు కాబట్టి ఆయన జవాన్లతోనూ అండీ అనేవాడు, కుక్కతోనూ అండీ అనేవాడు. చేతిలో ఎప్పుడూ గరిటె ఉండేది కనుక మేం ఆయన్ని గరిటె హవల్దారు అనుకునేవాళ్ళం. మామగారు నా కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. కిటికీలోంచి ఆ కుప్ప కనిపించింది. ఇంకేముంది, శుభ్రంగా వీణ వాయించేవాడి ముందు ఎవరో తీగలు పట్టి లాగినట్టు మొహం పెట్టాడు.

“ఏంటబ్బాయ్ అది?”

“కుప్పండీ, మావయ్యగారూ. చెత్తా గడ్డీ కలిపి...”

“ఎవరేశారు?”

“జవాన్లండీ.”

“పాపం. మంచుకొండల్లో కాపలా కాసే పిల్లలు, వాళ్ళకేం తెలుస్తుందిలే” అంటూ పంచె ఎగ్గట్టాడు. “లెగండి బాబూ, లెగండి. ఇట్టా వేస్తే చినుకు పడితే చాలు, మొత్తం కుళ్ళి కూర్చుంటది.”

కుళ్ళాలనే కదండీ అని చెప్పడానికి నేను నోరు తెరిచిన మాట వాస్తవం. కానీ ముహూర్తం పెట్టని అల్లుడి నోట్లోంచి మాట పళ్ళ దాకా వస్తుంది, అక్కణ్ణుంచి వెనక్కి పోతుంది. “చెత్త కూడా కలపాలండీ” అని మాత్రం నసిగాను. “కలుపుదాం, దానికేం భాగ్యం? కానీ తడి సరుకు వామిలో పెడతారా ఎక్కడన్నా? ముందు ఎండబెట్టించు” అన్నాడు. చెప్తే నమ్మరు, కవాతు మైదానం ఓ పక్కన గోనెపట్టాలు పరిచి, క్యాబేజీ ఆకులూ సొరకాయ తొక్కలూ వడియాల్లా ఎండబెట్టించాడు. కాకులు వాలకుండా తుపాకీ పట్టుకున్న జవానొకడు కాపలా. ఎండి గలగలలాడాక అప్పుడు వాటిని పొరలు పొరలుగా పెట్టి, మోపులు అందించమని జవాన్లకి సైగ చేస్తూ, తాను పైన గుండ్రంగా తిరుగుతూ తొక్కుతూ వామి లేపాడు. సాయంత్రానికి అక్కడొక గోపురం నిలబడింది.

సీవో సారు వచ్చి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చివరికి, “మా ఇంజనీర్లు కూడా ఇంత తీరుగా ఏదీ కట్టలేదు” అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. మామగారు పంచె దులుపుకుని, “ఏదో, తొందర్లో వేసింది” అన్నాడు. మిలిటరీ వాళ్ళకి ఏదైనా బాగుందనిపిస్తే చుట్టూ ఇటుకలు పాతి వాటికి సున్నం వేసేదాకా నిద్రపట్టదు. వామి చుట్టూ ఇటుకలు వెలిశాయి. ఇటుకలకి సున్నం పడింది. ముందొక బోర్డు, పక్కనొక పూలకుండీ. ఆఫీసర్ల భార్యలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. గేటు దగ్గర కాపలా వాళ్ళకి ఆర్డరు వెళ్ళింది, ‘వామి సాబ్’ ఎప్పుడొచ్చినా ఆపకూడదని. నన్ను మాత్రం రోజూ ఆపేవాళ్ళు.

కుప్ప వేశాక కొన్నాళ్ళకి లోపల వేడి పుడుతుందనీ, పొగలొస్తాయనీ, అప్పుడు చెత్త నల్లబడి మట్టిలా మారుతుందనీ సీవో సారు ఇచ్చిన పుస్తకంలో ఉంది. వారాలు గడిచాయి. మా వామి పక్కన మధ్యాహ్నాలు క్యాంపు కుక్కలు చల్లగా ఉందని పడుకునేవి. అనుమానం వచ్చి నేనూ గరిటె హవల్దారూ ఒకచోట చెయ్యి దూర్చాం. భుజం దాకా పోయింది, లోపల కొత్తకుండలో మంచినీళ్ళంత చల్లదనం. ఆయన ఒక సొరకాయ తొక్క బయటికి తీసి విరిచాడు. కరకరమంది.

“నూనెలో వేస్తే వేగుతుందండీ” అన్నాడు దిగులుగా.

తరవాత ఒక చపాతీ వచ్చింది. వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. (అప్పటి కంటే కాస్త మెత్తబడిందని హవల్దారు అభిప్రాయం.) మా ఇద్దరి మొహాలూ వామి చుట్టూ ఉన్న ఇటుకల కంటే తెల్లబడ్డాయి. ఎండని, గాలిని, బ్రహ్మదేవుణ్ణి కూడా లోపలికి రానివ్వకుండా కట్టిన వామి అది. అందులో ఏదీ కుళ్ళదు. మా మనవలు తీసినా ఆ చపాతీ చపాతీలాగే ఉంటుంది. నా పరిస్థితి చూడండి: వామి కుళ్ళకపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే పిల్ల రాదు. కుళ్ళాలంటే వామి విప్పాలి, వామి విప్పితే మామగారి పరువు పోతుంది, పరువు పోతే పిల్ల అసలే రాదు. ఎటు చూసినా పిల్ల నవ్వుతూనే కనబడేది. ఆ నవ్వుకి అర్థం అప్పుడు బాగా తెలిసొచ్చింది.

వామి రూపం చెడకుండా లోపల మాత్రం తడపాలని మేం చెయ్యని ప్రయత్నం లేదు. గొట్టంతో నీళ్ళు కొట్టాం. కొట్టిన నీళ్ళు కొట్టినట్టే జారి, చుట్టూ మడుగు కట్టి, మా చెప్పులు తడిపి, కాలవ వైపు వెళ్ళిపోయాయి. చివరికి ఒకరోజు పొద్దున్నే నిచ్చెన వేసుకుని వామి నెత్తికెక్కాను. గునపంతో పైన బొక్క పెట్టి, అందులోకి గొట్టం దూర్చాలని నా పథకం. గునపం ఇలా ఎత్తానో లేదో, గొట్టం హవల్దారు చేతిలోంచి జారి నీళ్ళన్నీ నా మీద పడ్డాయి. సరిగ్గా ఆ క్షణానే గేటు వైపు నుంచి గొంతు వినబడింది.

“చూశావా బావా! మిలిటరీ వాళ్ళు చుట్టూ ఇటుకలు కూడా పేర్చుకున్నారు. ఊరికే పేరుస్తారా?”

మామగారు. పక్కనే మొవ్వ నుంచి వచ్చిన స్నేహితుడు, చేతిలో అత్తగారు పంపిన జంతికల డబ్బా. తన వామిని చూపించడానికి తీసుకొచ్చాడాయన. చూపించాడు కూడా. కాకపోతే దాని మీద నేనున్నాను, గునపం ఎత్తి పట్టుకుని, నఖశిఖ పర్యంతం తడిసి.

“ఎవర్రా అది? దిగరా వామి మీంచి! అబ్బాయ్... నువ్వా?”

“నేనేనండీ, మావయ్యగారూ.”

“ఆ గునపమేంటి?”

“గాలాడట్లేదేమోననండీ.”

“ఆ తడేంటి?”

“చెమటండీ.”

స్నేహితుడు నన్ను కింది నుంచి పైదాకా పరిశీలించి, మామగారి చెవి దగ్గర చేరాడు. గుసగుస అనుకున్నాడు గాని ఆ గొంతు గుడివాడ దాకా వినబడింది. “ఇంత చెమటేంటి బావా? ఏదో జబ్బులా ఉంది. పిల్లనిచ్చే ముందు ఒకసారి డాక్టరుకి చూపించు.”

దిగుదామని కాలు కదిపాను. ఆయన దువ్విన గడ్డి ఎంత నునుపుగా ఉందంటే, నిచ్చెనతో పని లేకుండా నేను నేరుగా మామగారి పాదాల దగ్గరికి జారాను. నమస్కారం చేసినట్టే అయింది. కింద కూర్చునే, లేవకుండానే చెప్పేశాను.

“మావయ్యగారూ, ఇది కుళ్ళాలండీ.”

“ఏది?”

“ఈ వామండీ. కుళ్ళితేనే ఎరువవుతుందండీ. అందుకోసమే వేయించారండీ.”

“నా జన్మలో ఒక్క పోచ కుళ్ళనివ్వలేదబ్బాయ్.”

“అదేనండీ వచ్చిన చిక్కు.”

స్నేహితుడు పకపకా నవ్వబోయి మామగారి మొహం చూసి ఆ నవ్వుని జంతికతో సహా మింగాడు. “కుళ్ళకపోతే ఏమవుతుంది?” అని అడిగాడు మామగారు. ఉద్యోగం ఉండదన్నాను. ఆ పైన ఏం ఉండదో ఆయనకి నేను చెప్పక్కర్లేదు, ఆ మాట అన్నది ఆయనే కదా. వామి వైపు ఒకసారి చూశాడు. నా వైపు చూశాడు. జంతికల డబ్బా హవల్దారు చేతిలో పెట్టి, “పద బావా, బస్సెళ్ళిపోద్ది” అని వెళ్ళిపోయాడు. డబ్బా నాకివ్వలేదు. ఇక ఈ సంబంధం లేదని నేను అప్పుడే రూఢి చేసుకున్నాను. “బాగున్నాయండీ, తినండీ” అని హవల్దారు పెట్టిన జంతికని తిరిగి డబ్బాలోనే వేసేశాను.

కానీ కొన్నాళ్ళకే కబురొచ్చింది. గుడ్లవల్లేరులో మామగారికి ఒక తోడల్లుడున్నాడట, ఆయన్ని పంపిస్తున్నాడట. ఈ తోడల్లుడి ఘనత ఏమిటంటే, ఆయన వేసిన వామి ఏనాడూ ఒక వాన దాటి నిలవలేదు. గుడివాడ వెళ్ళే రైల్లో జనం గుడ్లవల్లేరు రాగానే కిటికీల దగ్గర చేరి, ఆయన వామి ఇవాళ ఏ వైపు ఒరిగిందోనని పందేలు కట్టేవాళ్ళు. ఆయన గేదెలు ఆ గడ్డి చూసి తలలు తిప్పుకుని పక్కింటి దొడ్లోకి నడిచి వెళ్ళేవి. అయినా పాపం, తన అంతటివాడు లేడని ఆయన నమ్మకం. ‘నీ చెయ్యే కావాలని మిలిటరీ వాళ్ళు పట్టుబడుతున్నారు’ అని మామగారు చెప్పగానే ఇస్త్రీ పంచె కట్టుకుని బస్సు దిగాడు. మనిషి తాటిచెట్టంత, మీసాలు సైకిలు హ్యాండిలంత. వస్తూనే గోలీసోడా తాగి, మామగారి వామి చుట్టూ తిరిగి, “మా తోడల్లుడికి పాపం చాదస్తం ఎక్కువ” అని నిట్టూర్చి పనిలోకి దిగాడు. ఎండబెట్టడాలూ అవీ లేవు. మెస్సు చెత్త బాల్చీల్లో వచ్చింది వచ్చినట్టే గుమ్మరించాడు. నడుం దగ్గర తొక్కాల్సింది పోయి అంచుల్లో తొక్కాడు. పైన ఏనుగు వీపు ఉండాల్సిన చోట తామరాకంత గుంట మిగిలింది. పేట నుంచి తెచ్చిన పేడ నీళ్ళు ఎందుకైనా మంచిదని దాన్లో పోయించాడు. అలిసిపోయి పడుకున్న గేదెలా ఉన్న ఆ కుప్పని చూసి, మురిసిపోయి, మీసం దువ్వుకుని వెళ్ళిపోయాడు.

అప్పణ్ణుంచి గరిటె హవల్దారు రోజూ పొద్దున్నే స్నానం చేసి, గుడికెళ్ళినట్టు ఆ కుప్ప దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూసేవాడు. ఒకరోజు నా గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. కుడిచెయ్యి గాల్లో ఊపుతున్నాడు, మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

“కాలిందండీ! చెయ్యి కాలిందండీ!”

నేను కుర్చీలోంచి లేచాను. దాని పొట్టికాలు ఆ దెబ్బకి పూర్తిగా ఊడిపోయింది. ఇద్దరం వెళ్ళి చూస్తే కుప్ప మీద సన్నగా ఆవిరి లేస్తోంది. చెయ్యి కాలినందుకు ఇద్దరు మగాళ్ళు ఒకరినొకరు పట్టుకుని గెంతడం ఆ క్యాంపు అంతకు ముందు చూసి ఉండదు. చాన్నాళ్ళుగా నా గుండెల మీద ఎవరో వామి తొక్కుతున్నట్టుండేది. ఆ పూట ఆయన దిగిపోయాడు. మెస్సుకెళ్ళి, డబ్బా అడుగున మిగిలిన జంతికలన్నీ నేనే తినేశాను.

పెద్దసారు వచ్చిన రోజున క్యాంపంతా కొత్త సున్నంతో కళ్ళు చెదిరేలా ఉంది. జవాన్లు పారలతో కుప్ప విప్పారు. లోపల సొరకాయ తొక్క లేదు, చపాతీ లేదు. నల్లగా, పొడిపొడిగా, తొలకరి పడ్డ పొలం వాసనతో ఎరువు. పెద్దసారు ఒక గుప్పెడు తీసి వాసన చూసి, “ఇది వేసిందెవరు?” అని అడిగాడు. గుడ్లవల్లేరు తోడల్లుడు మీసాలు రెండు పక్కలకీ సర్దుకుని ముందుకొచ్చాడు. పెద్దసారు చెయ్యి కలిపాడు, సీవో సారు భుజం తట్టాడు. మామగారు దూరంగా, తన వామి చాటున, అటు తిరిగి నిలబడ్డాడు. నా కాంట్రాక్టు పొడిగించారు. మొవ్వలో ముహూర్తం పెట్టారు. మొదటి వామిని సీవో సారు ఆ పేట గేదెలకి ఇచ్చేశాడు. పోయినసారి వెనక్కి తిరిగిన ట్రాక్టరే ఈసారి గడ్డితో వెళ్తే, ఆ చేపల పెద్దావిడ మోపులోంచి ఒక పోచ లాగి వాసన చూసి, “ఇదైతే దించండి” అని దారి ఇచ్చింది. గేదెలు లొట్టలేసుకుని తిన్నాయని తెలిసి మామగారు ఆ పూట కాస్త తేరుకున్నాడు.

ఇదీ కథ. ఇందాకట్నుంచి మా ఆవిడ అదే పనిగా దగ్గుతోంది. కాబట్టి తోక ఎక్కడుందో నేనే చెప్పేస్తాను. చపాతీ నిజం, గునపం నిజం, చెమటండీ అన్నదీ నిజమే, ఇప్పటికీ మొవ్వలో పిల్లలు నన్ను చూస్తే నుదురు తుడుచుకుంటారు. అబద్ధమల్లా ఒక్కటే. మా అత్తగారు వాళ్ళింట్లో ఒక్కగానొక్క పిల్ల అని పైన రాసి, కింద ఆవిడ చెల్లెలి మొగుణ్ణి గుడ్లవల్లేరు నుంచి బస్సు దింపాను. మీరెవరూ పట్టుకోలేదు. ఆవిడకి చెల్లెలు లేదు, మామగారికి తోడల్లుడూ లేడు.

రెండో వామి వేసింది ఆయనే. ఒక పొద్దున్నే ఒంటరిగా బస్సు దిగొచ్చాడు. జవాన్లందర్నీ అవతలికి పొమ్మన్నాడు. నన్ను కూడా అటు తిరిగి నిలబడమన్నాడు. నేను తిరిగాను గాని ఓరకంట చూస్తూనే ఉన్నాను. గడ్డి పరవగానే ఆయన చెయ్యి అలవాటు కొద్దీ అంచులు దువ్వడానికి వెళ్ళేది, వేడి పెనం తగిలినట్టు వెనక్కి లాక్కునేవాడు. కాలు నడుం దగ్గర తొక్కడానికి లేచేది, గాల్లోనే ఆపేసేవాడు. చక్కగా వెయ్యడం కంటే చెడగొట్టడానికే ఎక్కువ చెమట పట్టిందాయనకి. అది నిజం చెమట. అంతా అయ్యాక దూరంగా జరిగి చూసి, “ఇంత దరిద్రంగా ఎవడేశాడోయ్ దీన్ని?” అన్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కాడు.

పెద్దసారు ‘వేసిందెవరు’ అని అడిగినప్పుడు నేను మామగారి వైపు చెయ్యి చూపబోయాను. నాకంటే ముందే ఆయన, “నేను కాదండీ. గుడ్లవల్లేరులో మా తోడల్లుడండీ” అనేశాడు. ఆ మాటే నేను హిందీలోకి మార్చి చెప్పాను. అలా పుట్టని మనిషికి మిలిటరీ వారి అభినందనలు అందాయి. కాబట్టి ఈసారి చేప కూడా నాది కాదు, ఆయనదే. నేను మీసాలు పెట్టానంతే. మొవ్వలో మాత్రం ఆ వామి వేసింది అల్లుడేనని చెప్పాడు. అందుకే ఆ ఊళ్ళో ఇప్పటికీ నన్నెవరూ గడ్డిపోచ ముట్టుకోనివ్వరు.

ఇన్నాళ్ళూ ఆ తోడల్లుణ్ణి నేనూ కాపాడుకుంటూ వచ్చాను. మొన్న బందరులో మా ఇంటికొచ్చినప్పుడు మామగారే అన్నాడు: “ఇంక చెప్పెయ్యవోయ్ అల్లుడూ. కోత మిషనుది, మోపు మిషనుది. వామి వేసేదెవరు, పరువు పోయేదెవరికి?” అని, నవ్వాడు. గునపం పట్టుకుని వామి నెత్తిన తడిసి నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నేనూ నవ్వాను. వాడికి అప్పుడు తెలియలేదు గాని, వాడి పెళ్ళి ఆ కిందనే నిలబడి పైకి చూస్తోంది.

మా డాబా మీద ఇప్పుడు వంటింటి చెత్త ఎరువు చేసుకునే డబ్బా ఒకటుంది. మామగారు వచ్చినప్పుడల్లా అది మూత తీసి చూస్తాడు. చూసి ఊరుకోడు. పైన ఎండుటాకులు చదునుగా దువ్వి, గుండ్రంగా తేల్చి, అరచేత్తో గట్టిగా నొక్కుతాడు. ఆయన మెట్లు దిగాక నేను వెళ్ళి మళ్ళీ వదులు చేస్తాను. మర్నాడు చూస్తే మళ్ళీ ఏనుగు వీపు. ఆ డబ్బాలో ఇంతవరకూ ఏదీ సరిగ్గా కుళ్ళలేదు.

(ఈ చివరి మాటకి మా ఆవిడ దగ్గలేదు.)